పింఛను నోటీసు పింఛనుతో ఆగదు



మీ గూడెంలో వికలాంగుల పింఛను తీసుకునేవాళ్లు ఉంటే ఇది వాళ్లకి చదివి వినిపించండి. తెలుగు సరిగ్గా రాని పెద్దవాళ్లకి కువిలోనో, కోయలోనో, ఆదివాసీ ఒడియాలోనో మీ మాటల్లో చెప్పండి. సచివాలయం నుంచి వచ్చే నోటీసు తెలుగులోనే ఉంటుంది. అందులో ఉన్న ఒక అంకె రేపు మన పిల్ల కాలేజీ సీటు దాకా వెళ్తుందని మాత్రం ఆ కాగితంలో ఎక్కడా రాసి ఉండదు.

విషయం మీకు తెలిసిందే. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 చేశారు. పెంచితే ఎవరం కాదనం. కానీ 2025 జనవరి నుంచి రీవెరిఫికేషన్ మొదలైంది. ముందు 15 వేల వాళ్లని చూశారు, తర్వాత 6 వేల వాళ్లని. ఆగస్టులో నోటీసులు వచ్చాయి. కొందరికి పూర్తిగా రద్దు, కొందరికి 15 వేల నుంచి 6 వేలకి కోత, వయసున్నవాళ్లకి వృద్ధాప్య పింఛనులోకి మార్పు. రోడ్డెక్కి అడిగాక, అప్పీలు పెట్టుకున్నవాళ్లకి పింఛను ఆపం అని ప్రభుత్వం చెప్పింది. దాంతో చాలామంది గండం గడిచింది అనుకున్నారు.

అప్పుడు జరిగిన మాటలన్నీ డబ్బు చుట్టూనే. ఆరు వేలు పోతాయా, ఉంటాయా అనే. నేను చెప్పేది దాని వెనకాల ఉన్న సంగతి. పింఛను కోసమే పిలిచి పరీక్ష చేసినా, డాక్టరు రాసేది పింఛను కాగితం కాదు, వైకల్య ధ్రువపత్రం. కొత్త శాతంతో కొత్త సదరం వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ముఖ్యమైన హక్కులన్నీ 40 శాతం గీత మీద నిలబడ్డాయి. ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో 4 శాతం, ఇళ్ల స్థలాల్లో, భూముల కేటాయింపులో 5 శాతం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం. 44 ఉన్నది 38 అయితే పింఛను ఒక్కటే పోదు, ఆ తలుపులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. పింఛనుకి నోటీసు అయినా వస్తుంది. మిగతావాటికి అదీ రాదు. ఆర్టీసీ రాయితీ పాసు రెన్యువల్‌కి వెళ్లినప్పుడో, కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసినప్పుడో తెలుస్తుంది.

మా మండలంలో ఒక పెద్దాయన జీలుగు చెట్టు మీంచి పడి నడుము, కాలు దెబ్బతిన్నాడు. పాత సదరంలో శాశ్వత వైకల్యం అని ఉంది. కొత్త పరీక్షలో 40కి తక్కువ వచ్చింది. మనకి, అంటే గిరిజనులకి, వృద్ధాప్య పింఛను వయసు 50 ఏళ్లే కాబట్టి ఆయన్ని అందులోకి మారుస్తున్నట్టు నోటీసు ఇచ్చారు. నెలకి 4,000. ఇంట్లోవాళ్లు "పోనీలే, పూర్తిగా తియ్యలేదు కదా" అన్నారు. నోటీసు నా చేతికి ఇచ్చి చదవమంటే నాకు వేరే భయం పట్టుకుంది. ఆయన భార్య అప్పటికే వృద్ధాప్య పింఛను తీసుకుంటోంది. మన రాష్ట్రంలో కుటుంబానికి ఒకటే పింఛను అనేది నిబంధన. తీవ్ర వైకల్యం, డయాలసిస్ లాంటి కొన్ని రకాలకే మినహాయింపు. ఇప్పుడు ఆ ఇంట్లో రెండూ వృద్ధాప్యమే అయ్యాయి. ఆయనకి రెండు వేలు తగ్గడం కంటికి కనిపించింది. ఆవిడ నాలుగు వేలకి వచ్చిన ప్రమాదం ఎవరికీ కనిపించలేదు. ఆఫీసులో అడిగితే "ముందు మార్చనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. అందుకే, వృద్ధాప్యంలోకి మారుస్తాం అంటే తల ఊపే ముందు ఆ ఇంటి రేషన్ కార్డులో ఇంకా ఎవరెవరు పింఛను తీసుకుంటున్నారో చూడండి.

15 వేల నుంచి 6 వేలకి తగ్గించినచోట ఇంకో నష్టం ఉంది. ఆ డబ్బు ఉంటే ఒక మనిషి కూలికి పోకుండా ఇంట్లో ఉండి చూసుకోగలుగుతారు. అది తగ్గితే అమ్మ కాఫీ తోట పనికి పోతుంది, ఇంట్లో ఉండాల్సింది అక్క. అక్క చదువు ఏ పింఛను లెక్కలోనూ ఉండదు.

పరీక్ష ఎలా జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. ఎముకల డాక్టరు, చెవి డాక్టరు, మానసిక వైద్యుడు మన ఏజెన్సీలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. స్లాట్ వచ్చిన రోజు పొద్దున్నే జీపు పట్టుకుని, ఇద్దరు మోసుకుని వెళ్లి, ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో పడుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. రోడ్డు లేని గూడేల నుంచి డోలీ కట్టాలి. ఆ రోజు వెళ్లలేకపోతే "గైర్హాజరు" అని పడుతుంది. వెళ్తే కీలు ఎంత వంగుతుంది, కండరంలో ఎంత బలం ఉంది అని చూసి లెక్క కడతారు. ఆసుపత్రి టైల్స్ మీద నాలుగు అడుగులు వేసిన కాలు కొండెక్కి చేనుకి పోగలదా అనేది ఆ లెక్కలో రాదు. డాక్టర్లని తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికి ఇచ్చిన కొలబద్దే అంత.

సికిల్ సెల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కువగా మన జబ్బు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్నీ చేర్చింది. నొప్పి వచ్చిన వారం పిల్లాడు లేవలేడు, తగ్గాక బడికి పరిగెత్తుతాడు. తగ్గిన వారంలో పరీక్ష పడితే? అందుకే ఎక్కించిన రక్తం చీటీలు, ఆసుపత్రిలో ఉన్న రోజుల డిశ్చార్జి కాగితాలు ఒక్కటీ పారెయ్యొద్దు. ఇంకో తికమక కూడా ఉంది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో రక్తపరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. అది జబ్బు ఉందా, వాహకులా అని చెప్పే కార్డు మాత్రమే. వైకల్య ధ్రువపత్రం కాదు. ఆ కార్డు ఉంది కదా అని సదరం వదిలేస్తే కాలేజీ సీటు కోటా రాదు. ఉద్యోగాల 4 శాతంలో మాత్రం రక్త సంబంధ జబ్బులను అసలు చేర్చలేదు. చట్టంలో 21 రకాలు రాసి, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మన జబ్బుని బయట పెట్టడం ఏంటో! దానిమీద వేరే రాయాలి.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కాదనను. డబ్బులిచ్చి శాతం వేయించుకున్నవాళ్లని పట్టుకోండి. దానికి అదే చట్టంలో 91వ సెక్షన్ ఉంది. మోసంతో లబ్ధి పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆ దారి వదిలేసి అందరినీ మళ్లీ వరసలో నిలబెడితే, పలుకుబడి ఉన్నవాడు రెండోసారీ శాతం తెచ్చుకుంటాడు. బస్సు దొరకనివాడు పోగొట్టుకుంటాడు.

ఇప్పటికే 40 లోపు వచ్చేసినవాళ్లు అంతా అయిపోయిందని అనుకోవద్దు. 40 లేకపోయినా చట్టం దృష్టిలో మీరు వికలాంగులే, వివక్ష నుంచి రక్షణ ఉంటుంది. పరీక్ష రాసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి: 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలని పట్టుబట్టకూడదని చెప్పింది. 2024 అక్టోబరులో మారిన రూల్స్ ప్రకారం 40 లోపు ఉన్నవాళ్లకి కూడా తెల్ల రంగు యూడీఐడీ కార్డు ఇవ్వాలి. 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం. "మీకు కార్డే లేదు పొమ్మన్నారు" అని ఎవరైనా చెప్తే ఈ మాట చెప్పండి. అంత్యోదయ కార్డు 35 కిలోల బియ్యం విషయంలోనూ కంగారు పడకుండా మీ కార్డు ఏ కారణంతో వచ్చిందో కనుక్కోండి. కొండరెడ్డి, గదబ, పోర్జ లాంటి పీవీటీజీ కుటుంబాలకి ఆ తెగ అనే కారణమే చాలు, శాతంతో పని లేదు. ఇంటి పెద్ద వైకల్యం వల్ల వచ్చిన కార్డు అయితేనే జాగ్రత్త పడాలి.

మన డిమాండ్ పెద్దది కాదు. పింఛను పరీక్షలో శాతం తగ్గినంత మాత్రాన మిగతావి వాటంతటవే పోకూడదు. ప్రతిదానికీ విడిగా నోటీసు, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలు తేలేదాకా పాత సర్టిఫికెట్ అన్నిటికీ చెల్లాలి, పింఛనుకి ఒక్కదానికే కాదు. పరీక్షలు ఐటీడీఏ పరిధిలోనే, మన భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టి చెయ్యాలి. తెలంగాణలో ఉన్న మనవాళ్లు కూడా ఇది తమకి సంబంధం లేదనుకోవద్దు. అక్కడ 4,016 పింఛనుకీ గీత అదే 40.

డిగ్రీలు చదివిన మనం ఈ వారం చెయ్యాల్సిన పని ఒకటుంది. సంత రోజున ఒక చెట్టు కింద కూర్చుని నోటీసులు చదివి పెట్టండి. పాత సదరం, కొత్త సదరం రెండింటికీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచండి, అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దు. నోటీసు చేతికి వచ్చిన తారీఖు దాని వెనకాల రాయించండి. అప్పీలు చట్టం 59వ సెక్షన్ ఇచ్చిన హక్కు. అర్జీ ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి రసీదు అడగండి. నోటిమాట మీద వెనక్కి రావొద్దు. ఇంటికి వెళ్లాక వేలిముద్ర వేసేవాళ్లకి ఆ రసీదు ఏంటో, ఎక్కడ దాచాలో చెప్పండి.