అరకులో కారు దిగండి

ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు విశాఖపట్నం నడుస్తుంది. సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు తిరిగి మళ్లీ అప్పన్న చెంతకు చేరతారు. లక్షలమంది. అందులో ముసలివాళ్లుంటారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులుంటారు, కాళ్లకు చెప్పుల్లేనివాళ్లు లెక్కలేనంతమంది. వాన పడితే తడుస్తూనే సాగిపోతారు. అటు తిరుపతిలో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ల సంగతి సరేసరి. తెలుగువాళ్లకు కొండెక్కే ఓపిక లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి ఈ జనమే నాలుగు నెలలు తిరిగి కార్తీకం వచ్చేసరికి అరకు వెళ్తారు కదా, అక్కడేం చేస్తారు? కారు దిగరు.

తెల్లవారకుండా బయల్దేరి శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతారు. మలుపు దగ్గర ఒక ఫొటో, గాలికొండ దగ్గర ఒక కప్పు కాఫీ, బొర్రా గుహల్లో ఓ గంట. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి రాళ్ల మీద నీళ్లాట, బొంగు చికెన్, వీలైతే థింసా. చీకటి పడకముందే ఘాట్ దిగాలన్న తొందర ఎలాగూ ఉంటుంది. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, మళ్లీ అన్నే వెనక్కి. రైల్లో వెళ్లి బస్సులో తిరిగొచ్చే ఒకరోజు ప్యాకేజీదీ ఇదే వరస. ఇంటికొచ్చాక 'అరకు చూశాం' అంటారు. చూసింది చాలావరకు పార్కింగ్ స్థలాలు. 'పాయింట్' అని మనం పిలిచేదంతా బస్సు ఆగడానికి చోటున్న జాగా. ఆ పాయింటుకూ ఈ పాయింటుకూ మధ్య ఉన్నదే అరకు.

ఆ మధ్యలో ఏముంది? నవంబరులో వలిసె పూస్తుంది. వెర్రినువ్వులని కూడా అనే ఈ నూనెగింజల పంట లోయలో మడి మీద మడిగా, కొండవాలు మీద చెక్కలు చెక్కలుగా పసుపుపచ్చగా పరుచుకుంటుంది. రోడ్డు పక్క చేలో పది రూపాయలో ఇరవయ్యో ఇచ్చి, పూల మధ్య నిలబడి సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లకు ఆ చేను ఒక తెర మాత్రమే. గట్టు పట్టుకుని ఓ అరగంట లోపలికి వెళ్తే వాహనాల హోరు తగ్గి తేనెటీగల రొద వినబడుతుంది. గట్టు కింద గెడ్డ, గెడ్డ దాటితే చోడి చేను, ఆపైన పెంకుటిళ్ల వరస. దాని వెనక మళ్లీ కొండ. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ లోయలో చలికాలం పొద్దున నడక ఎంత హాయో వేరే చెప్పాలా! మధ్యాహ్నం ఎండలో కూడా ఒంటికి చెమట పట్టదు.

అనంతగిరి, సుంకరమెట్ట వైపు కాఫీ తోటలు సరేసరి. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన మనిషెత్తు కాఫీ మొక్కలు. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడి కోత సాగుతుంది. వేసవి మొదట్లో ఒక వాన పడిందా, కొమ్మల నిండా తెల్లటి పూత, మల్లెను తలపించే వాసన. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఆ కాఫీ తాగిన పారిస్‌వాళ్లు తోట చూడలేదంటే అర్థముంది. తోట పక్కనే కారాపి కాఫీ తాగి వెళ్లిపోయే మనకేమైంది? సుంకరమెట్ట తోటల్లో వేసిన చెక్క వంతెన మీదికి జనం ఎగబడుతున్నారంటే, చెట్ల మధ్య నడవాలన్న కోరిక ఉన్నట్టే లెక్క. ఆ కోరిక వంతెన చివరితోనే ఆగిపోతోంది.

నీళ్ల దారీ ఇలాంటిదే. బొర్రా గుహలకు కొద్ది దూరంలో కటికి జలపాతం ఉంది. జీపులు కొంతదూరం ఎగుడుదిగుడు దారిలో కుదేసి దింపుతాయి, ఆపైన కాళ్లకు పని. అక్కడ దూకేది గోస్తనీ నది. ఆ నీరే కిందికి పోయి తాటిపూడి జలాశయంలో చేరి, కొంత విశాఖ కుళాయిల్లోకి వస్తుంది, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాము తాగే నీళ్లు పుట్టే చోటికి ఒక ఉదయం నడిచి వెళ్లే అవకాశం మన పెద్ద నగరాల్లో ఎందరికి ఉంది? విశాఖవాసికి ఉంది.

నడిచే దారి చూపిస్తే జనం నడుస్తారనడానికి పాడేరు దగ్గరి వంజంగి సాక్ష్యం. చలికాలం తెల్లవారుజామున కొండ మీద నిలబడితే కింద మబ్బులు సముద్రంలా పరుచుకుంటాయని ఫోన్లలో వీడియోలు తిరగడమే తరువాయి, చీకట్లో టార్చీలు పట్టుకుని కుర్రకారు బారులు తీరింది. వాళ్లెవరూ పర్వతారోహకులు కారు. పై నుంచి మేఘాలు కనబడతాయంటే రాళ్ల దారిలో రొప్పుతూ ఎక్కినవాళ్లు. దాంతోపాటు కొండ మీద నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, మద్యం సీసాలు పేరుకున్నాయి. దారి ఉంది కానీ, దానికో యజమాని, ఒక పద్ధతి లేకపోతే ఏమవుతుందో కూడా వంజంగే చూపించింది.

ఇక్కడొక మాట అడగాలి. రోడ్డు లేక గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే మన్యంలో, సరదా నడక గురించి రాయడం సబబేనా? సబబు కాదనేవాళ్ల కోపంలో న్యాయముంది. డోలీ మోసే దారికి రోడ్డు పడాల్సిందే; 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టింది అందుకే. అవసరానికి రోడ్డు, ఆహ్లాదానికి కాలిబాట. ఒకదాని డబ్బు ఇంకోదానికి మళ్లించనంత కాలం రెండింటికీ తగువు లేదు. ఇప్పుడు జరుగుతున్నది చూస్తే, పర్యాటకం పేరుతో వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం హోటలుకూ వాహనానికీ పోతోంది. సంతలో అల్లం, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు అమ్ముకునే ఆడమనిషికి దక్కేది చిల్లర. నడిచే యాత్రికుడు నెమ్మదిగా వెళ్తాడు, ఆకలేస్తే ఊళ్లోనే తింటాడు, దారి తెలియక మనిషిని వెంట తీసుకెళ్తాడు. వాడి డబ్బు ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది.

ఈ కొండలు ఇంకా నడవడానికి మిగిలాయంటే దానికీ ఒక చరిత్ర ఉంది. బొర్రా పరిసర గ్రామాల్లో గిరిజన భూముల్ని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు 'సమత' కేసులో తీర్పిచ్చింది. ఆ కేసు పుట్టింది ఈ అనంతగిరి మండలంలోనే. కాఫీ తాగుతూ లోయ అందం చూసి మురిసిపోయేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గాలికొండ దగ్గర ఒక బోర్డు మీద ఇది రాసి పెట్టొచ్చు. ఐ లవ్ అరకు అక్షరాలకు పెట్టే ఖర్చులో నాలుగో వంతు చాలదూ!

కాలిబాటలను ఎలా చూసుకోవాలో తెలియాలంటే స్విట్జర్లాండ్‌ను చూడాలి. 1979లో అక్కడి జనం ఓటేసి మరీ కాలిబాటల సంగతిని రాజ్యాంగంలో పెట్టించుకున్నారు. దేశమంతా 65,000 కిలోమీటర్లకు పైగా గుర్తులున్న నడకదారులు, మలుపు మలుపుకూ పసుపురంగు పలకలు. వాటి మీద దూరం రాయరు, నడిచి చేరడానికి పట్టే సమయం రాస్తారు. అంత దూరం ఎందుకంటారా, మహారాష్ట్రలో మాథేరాన్ ఉంది. కార్లన్నీ దస్తూరీ నాకా దగ్గరే ఆగిపోవాలి, అక్కడి నుంచి ఊళ్లోకి కాలినడకో, గుర్రమో, చిన్నరైలో. ఆ ఊరికి జనం రావడం మానేశారా? లేదు.

అరకుకు మాథేరాన్ నియమం కుదరదు, అరకు వారపు సంతకు చుట్టుపక్కల ఊళ్లన్నీ రావాలి. పైగా రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారితో కార్లు ఇంకా పెరుగుతాయి. అందుకే కాలిబాటల పని ఇప్పుడే మొదలవ్వాలి. కొత్తగా తవ్వాల్సిందేమీ లేదు. ఊరి నుంచి సంతకు, సంత నుంచి ఊరికి తరతరాలుగా నడుస్తున్న దారులున్నాయి. అందులో యాత్రికులు రావచ్చని గ్రామసభ ఒప్పుకున్నవాటిని నాలుగైదు ఎంచి, రంగు గుర్తులు పెట్టి, ఎంత సమయం పడుతుందో రాసి, ఆ ఊరి కుర్రాళ్లకే తర్ఫీదిచ్చి గైడ్లుగా పెట్టాలి. రుసుము గ్రామసభ ఖాతాలో పడాలి. ఒప్పుకోని ఊరి జోలికి పోకూడదు. ఒక్క గాజు వంతెన ఖర్చుతో ఇలాంటివి ఎన్నో అవుతాయి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగలేనివాళ్లకు నాలుగు మాటలు. రెండు రాత్రులు అక్కడే ఉండేలా వెళ్లండి. విశాఖ నుంచి పొద్దుటి కిరండూల్ రైలెక్కండి. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ లైను మీద సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ దాటి దిగితే ఘాట్ రోడ్డు వికారం తప్పుతుంది. సొరంగాల్లోకి ఫొటోల కోసం నడిచి వెళ్లకండి, అది నేరం, ప్రాణాంతకం కూడా. స్థానికుడొకరు వెంట లేకుండా అడవి దారి పట్టొద్దు, రిజర్వు ఫారెస్టయితే అటవీశాఖను అడగాలి. వానల్లో జలగలుంటాయి, చాపరాయి రాళ్లు పాచి పట్టి జారతాయి, అక్కడ జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మలేరియా ప్రాంతం కనుక సాయంత్రం నిండుచేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. ఇళ్ల ముందు మనుషుల్ని అడక్కుండా ఫొటోలు తీయకండి. తెచ్చిన సీసా వెనక్కి తీసుకెళ్లండి.

డిసెంబరు రెండో వారానికి వలిసె పూత చాలావరకు అయిపోతుంది. వెళ్లదల్చుకున్నవాళ్లు శని ఆదివారాలు వదిలేసి, నవంబరులోనే గది ఖాయం చేసుకోవడం మేలు.