ఫ్లోరైడు పీడితుల కంచము

నల్లగొండ పల్లెలకు గొట్టముల ద్వారా కృష్ణాజలము వచ్చుచున్నది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము చేసిన యీ మేలును మేము తక్కువ చేసి చెప్పము. కాని నీరు వచ్చినది గనుక ఫ్లోరైడు కథ ముగిసినదని పట్టణములలో వినవచ్చుచున్న మాట మాకు సమ్మతము కాదు. ఎముకలలో పేరుకొన్న విషము కుళాయి త్రిప్పినంతనే దిగిపోవునది కాదు. ఏండ్ల తరబడి చేరినది ఏండ్ల మీదగాని వెడలదు. ఆ యేండ్లలో పీడితుడు తిను తిండి యెట్టిదని విచారించువారు అరుదుగా నున్నారు.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రజలను క్రుంగదీసిన యెముకల జబ్బునకు నీటిలోని ఫ్లోరైడే కారణమని షార్టు మొదలగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు విధించినది. ఇవన్నియు నీటి లెక్కలు. అయితే ఒకే బావి నీరు త్రాగినవారిలో నొకడు పండ్లమీది మచ్చలతో బయటపడగా, వేరొకడు నడుము వంగి మంచము పట్టుటేల? దీనికి నీటి లెక్క యొక్కటియే సమాధానము చెప్పజాలదు.

సమాధానములో సగము కడుపులో నున్నది. భోజనమున కాల్షియము సమృద్ధిగా నున్నచో ఫ్లోరైడులో కొంతభాగము దానితో ముడివడి, కరుగని పదార్థమై, రక్తములో చేరకయే వెడలిపోవును. కాల్షియము కరవైన కడుపున దాని నడ్డగించునది లేదు. కూలివాడు ఎండలో పనిచేయును గనుక నీరెక్కువ త్రాగును. పాలు పెరుగులు మాత్రము వానికి దొరకవు. గుమ్మమున గేదె కట్టివేసి యున్నను పాలు కేంద్రమునకు పోవును, డబ్బు అప్పులవానికి పోవును. భూవసతి గల మా పాఠకులు ఈ సంగతిని తమ పాలేరుల యిండ్లలో కన్నులార చూడవచ్చును.

ఇక వంట సంగతి. నీటిని కాచినచో దోషము పోవునని పలువురు తలంతురు. క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరిగిరినకొలదియు మరింత చిక్కనగును. అన్నము, పప్పు ఆ నీటిని పీల్చుకొనియే యుడుకును. త్రాగుటకు కుళాయినీరుంచి వంటకు బోరునీరు వాడు నింట విషము కంచము దారిని వచ్చుచునే యుండును. మజ్జిగ మంచిదని విని, ఆ బోరునీరే పోసి పలుచన చేయు నిల్లాలిది తప్పా, ఆమెకు చెప్పనివారిది తప్పా? తేనీటి మాటయు ఇట్టిదే. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడును ఆకులలో కూడబెట్టుకొనును. ముదురాకులతో చేసిన చవుకరకపు పొడిలో నది మరియు నధికము. దినమునకు నాలుగైదు మారులు తేనీటితో ఆకలి చంపుకొనువారు ఈ మాట వినవలెను.

మన చింతపండు గూర్చి మంచివార్త యొకటి కలదు. 2002లో ప్రకటితమైన యొక పరిశోధనలో ఇరువదిమంది ఆరోగ్యవంతులగు వసతిగృహ బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు 18 దినములు పెట్టిరి. మూత్రమున వెడలు ఫ్లోరైడు దినమునకు 3.5 మిల్లీగ్రాముల నుండి 4.8 కి పెరిగినది. ఇది చిన్న పరిశోధన. పులుసు త్రాగి వంగిన వెన్ను నిలుపుకొనవచ్చునని దీనికర్థము కాదు. వంగిన యెముకను నిలుపు ఆహారమేదియు లేదు. అట్టి పొడులు, లేహ్యములు అమ్మువారిని నమ్మి యున్న రూపాయలు పోగొట్టుకొనవద్దని హెచ్చరించుచున్నాము. ఎదుగుచున్న బిడ్డ యెముకను కాపాడుటయు, పెద్దవారిలో విషము మరింత చేరకుండ తగ్గించుటయు తిండి చేయగల మేలు. మూత్రపిండములు చెడినవారు మాత్రము వైద్యుని యడుగక కాల్షియము మాత్రలు మ్రింగరాదు.

2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము హుజూర్‌నగరున సన్నబియ్యపు పంపిణీని ఆరంభించినది. ఆ పట్టణము పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదే. బీదవానికి మంచి బియ్యమందినందుకు సంతోషమే. కాని బియ్యము సన్నమైనను లావైనను నూరు గ్రాములలో కాల్షియము పది మిల్లీగ్రాముల పాటిది. రాగులలో సుమారు 350. నువ్వులును మునగాకును కాల్షియమునకు గొప్ప ఆకరములే. మునగచెట్టు లేని పల్లె తెలుగునాట లేదు. అయినను ఆకు మేకల పాలగుచున్నది! 2023లో రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును బడిపిల్లలకు రాగిజావ పోయుట కారంభించెను. మంచిదే. అది యే నీటితో కాచుచున్నారు? సెలవులలో పిల్లలేమి త్రాగుదురు? బడి మానిన పిల్ల, గర్భిణి, మంచము పట్టిన ముసలివాడు, వీరి సంగతి యేమి?

మా కోరిక పెద్దది కాదు. ఫ్లోరైడు సోకిన మండలములలో బియ్యపు కోటాలో కొంత భాగమునకు మారుగా రాగు లియ్యవలెను. పిల్లలకును గర్భిణులకును దినమునకొక గ్లాసు పాలు అంగనవాడీలలో ఏడాది పొడవునను పోయవలెను. బడుల వంటశాలలలోని నీటిని పరీక్షించి ఫలితమును గోడపై వ్రాయించవలెను. రాగులు కొనువాడు లేక మన రైతులు పత్తికి, వరికి మరలిరి. పౌరసరఫరాల శాఖ మద్దతు ధరకు కొనిన పండించువారు లేకపోరు. రాబోవు శాసనసభా సమావేశములలో నల్లగొండ సభ్యులెవరైనను ఈ ప్రశ్న నడుగుదురేమో యని ఎదురుచూచుచున్నాము.