చిన్న అపార్ట్‌మెంటుకు అయిదేళ్ల పూచీ వద్దా?

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు ఇది తాతల నాటి నుంచీ తెలుసు. కేసీ కాలువ కింద వరి పండిన ఆ నేలల్లోనే ఇప్పుడు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. గట్టి నేల తగిలేదాకా పునాది తీయకుండా, గరుసు పోసి దిమ్మిస కొట్టకుండా కట్టేస్తే రెండు మూడు వానాకాలాలు దాటేసరికి కిటికీ మూల నుంచి ఐమూలగా గోడ బీటలు వారుతుంది. తలుపులు పట్టేస్తాయి. కట్టినాయనను అడిగితే ఒకటే జవాబు: "నల్లరేగడి కదా సార్, ఇక్కడ అందరి ఇండ్లూ ఇంతే."

ఈ జవాబు ఒప్పుకోదగింది కాదు. ఆళ్లగడ్డ శిల్పి రాయిని తట్టి చూశాకే ఉలి పెడతాడు. ఇల్లు కట్టేవాడు నేలను పరీక్షించకుండా ముగ్గు పోయడమేమిటి? ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగు భాగం ఉబ్బుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్ పునాదులను దశాబ్దాల కిందటే రూపొందించింది. తెలిసిన నేల, తెలిసిన మందు. వాడనివాడిదే తప్పు.

చట్టమూ ఆ మాటే అంటోంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) 14(3) సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణంలోగాని పనితనంలోగాని లోపం బయటపడి కొన్నవారు తెలియజేస్తే, బిల్డర్ పైసా అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కట్టాలి.

చిక్కంతా మూడో సెక్షన్‌లో ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనక్కర్లేదు. మన ఊళ్లలో పది సెంట్లలో స్టిల్టు వేసి పైన మూడంతస్తులు లేపే కట్టడాలు దీనితోనే రెరా కంటికి ఆనకుండా పోతున్నాయి. జీవితకాలం కూడబెట్టింది పోసి కొనుక్కునే మాస్టారుకు, చిన్న వ్యాపారికి అండ కావలసింది ఇక్కడే.

ఈ హద్దును తగ్గించే అధికారం అదే సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పార్లమెంటుకు పోనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ అధికారాన్ని వాడాలి. నల్లరేగడి ప్రాంతాల్లో మట్టి పరీక్ష నివేదిక లేనిదే మున్సిపాలిటీ ప్లాన్ మంజూరు చేయకూడదు. ఆ నివేదిక నకలు కొన్నవారి చేతికీ రావాలి.

అంతవరకు వినియోగదారుల కమిషన్ ఉంది. ఇల్లు కట్టివ్వడం కూడా సేవేనని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్నవారూ ఇక్కడికి రావచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కర్నూలులోని కమిషన్ దాకా పోలేనివారు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. గడువు మాత్రం రెండేళ్లే. "వచ్చే నెల పూత వేయిస్తా" అనే మాటలు నమ్మి కూర్చుంటే ఆ కాలం కరిగిపోతుంది.

అందుకే బీట కనబడిన రోజే తేదీతో ఫొటో తీయండి. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకను రెండు చివరలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. కొన్నాళ్లకు గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే. ఇంజినీరుకు చూపించి రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి, రిజిస్టర్డ్ పోస్టులో బిల్డర్‌కు నోటీసు పంపండి. ఒప్పందం, రసీదులు, వాట్సాప్ సందేశాలు దాచండి.

అయితే సాక్ష్యం కూడబెట్టుకునే భారమంతా కొన్నవారి నెత్తినే పెట్టడం న్యాయం కాదు. ఎనభై ఫ్లాట్ల సముదాయంలో ఉన్నవారికి దక్కే అయిదేళ్ల పూచీ ఎనిమిది ఫ్లాట్ల ఇంట్లో ఉన్నవారికీ దక్కాలి. దానికి ప్రభుత్వం చేయాల్సింది ఒక్క నోటిఫికేషన్. నంద్యాల, ఆళ్లగడ్డ శాసనసభ్యులు దీన్ని సభలో అడగాలి.