విడి సిగరెట్టు - మన అంగడి

వైట్‌ఫీల్డు, కాడుగోడి, హూడి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములు గత 30 సంవత్సరములలో చూచిన మార్పు సామాన్యమైనది కాదు. 1990 దశకమున ఇచట టెక్ పార్కు వెలసినది. 2023లో మెట్రో రైలు వచ్చినది. రాగిచేలు దున్నినవారి మనుమలు, అంగళ్లలో తూకము వేసినవారి కుమారులు నేడు గాజుమేడలలో కంప్యూటర్ల యెదుట పని చేయుచున్నారు. ఇందుకు మేమును గర్వించుచున్నాము.

అయితే ఒక సంగతి చెప్పక తప్పదు. పైమెట్టు ఎక్కిన పిల్లవానికి జీతముతోపాటు క్రొత్త సహవాసము లభించును. తానును వారిలో ఒకడనని అనిపించుకొనవలెనను తహతహ ఆ వయస్సున సహజము. టీ వేళకు తోడివారందరు బయట నిలిచి పొగ త్రాగుచుండగా వాడొక్కడు లోపల కూర్చుండలేడు. ఇంటిలో పొగాకు ఎరుగనివాడు ఈ విధముగా మొదటి సిగరెట్టు ముట్టించును. అది పొగరుచేత కాదు, వెలి యగుదునను భయముచేత. వానిని తిట్టి ప్రయోజనము లేదు.

ఆ మొదటి సిగరెట్టును వానికి అమ్మినవారెవరు? ఈ ప్రశ్న మమ్ములనే తాకుచున్నది. ఇన్నేండ్లుగా మేమును పెట్టె విప్పి ఒక్కొక్కటిగా అమ్మితిమి. పెట్టె కొనుటకు జంకువాడు ఒక్కటి కొనుటకు జంకడు. ఒకనాడు మా యింటికి పండుగలకు వచ్చు కుర్రవాడొకడు మొగము ప్రక్కకు త్రిప్పుకొని చేయి చాచెను. మేమును మొగము త్రిప్పుకొనియే ఇచ్చితిమి. ఆ సిగ్గు నేటికిని పోలేదు.

2003 నాటి కేంద్ర చట్టము 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదన్నది. 2025లో అమలునకు వచ్చిన కర్ణాటక సవరణ ఆ వయస్సును 21కి పెంచి, విడి సిగరెట్ల అమ్మకమును నిషేధించినది. శాసనము ప్రభుత్వము చేయగలదు. అంగడిబల్ల మీద దానిని నిలుపవలసినవారము మనమే.

"మేము మానినచో ప్రక్క అంగడివాడు అమ్మును గదా" యని కొందరందురు. నిజమే. కాని ఆ ప్రక్క అంగడియు మనవారిదే. కావున సంఘములోని వర్తకులందరు కూడి విడి సిగరెట్టు అమ్మమని ఒకే మాటగా నిశ్చయించుకొనవలెను. మా అంగడిలో ఇదివరకే మానితిమి. ఉద్యోగములలో కుదురుకొన్న మన యువకులు క్రొత్తగా చేరిన తమ్ముని టీ వేళకు తమవెంట నాలుగడుగులు నడకకు పిలుచుకొని పోవలెను. సహవాసము తెచ్చిన అలవాటును సహవాసమే మాన్పగలదు.

బిడ్డలు మనకంటె పైకి పోవలెనని కష్టపడితిమి. ఆ పైమెట్టున వారు పదికాలములపాటు ఆరోగ్యముతో నిలుచుటకును మనమే పూనుకొనవలెనని మా మనవి.