జెరండు పాఠం తెలుగులో చెప్తే కొంపలేం మునుగుతాయి?

మన ఇంగ్లీషు మాస్టార్లలో చాలామందికి జెరండ్లూ, ఇన్ఫినిటివ్‌లూ చెప్పడం రాదు. పెద్ద మాటే, తెలిసే అంటున్నా. బోర్డు మీద నిర్వచనం రాస్తారు: క్రియకి ఐఎన్‌జీ తగిలించి నామవాచకంలా వాడితే జెరండు, క్రియ ముందు 'టు' పెడితే ఇన్ఫినిటివ్. తర్వాత రెండు జాబితాలు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ ఒకవైపు. వాంట్, హోప్, డిసైడ్ ఇంకోవైపు. ఎక్కాల్లా బట్టీ పట్టెయ్, పరీక్షలో ఖాళీలు నింపెయ్. పాఠం అయిపోయింది.

కొన్నేళ్ళకి అదే కుర్రాడు ఉద్యోగంలో చేరి క్లయింటుకి మెయిల్ కొడతాడు: 'ఉయ్ ట్రైడ్ టు రీస్టార్ట్ ద సర్వర్.' నిజానికి వీడు సర్వర్ని రీస్టార్ట్ చేసేశాడు, అయినా సమస్య పోలేదు. అవతలివాడికి అర్థమయ్యేదేమో, రీస్టార్ట్ చెయ్యబోతే అది కూడా అవ్వలేదని. ఇంకేముంది, అర్ధరాత్రి కాన్ఫరెన్స్ కాల్. ఏడాది చివర అప్రైజల్లో 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అని ఓ ముక్క. కోడు ఎంత బాగా రాసినా సరే, తెలుగు మీడియం అన్న ముద్ర పోదు.

విచిత్రమేంటంటే, ఈ తేడా వాడికి బడికి వెళ్ళకముందే తెలుసు! 'రీస్టార్ట్ చేసి చూశాం' అంటే ట్రైడ్ రీస్టార్టింగ్. 'రీస్టార్ట్ చెయ్యడానికి ప్రయత్నించాం' అంటే ట్రైడ్ టు రీస్టార్ట్. 'సిగరెట్ తాగడం ఆపాడు' అంటే స్టాప్డ్ స్మోకింగ్. 'సిగరెట్ తాగడానికి ఆగాడు' అంటే స్టాప్డ్ టు స్మోక్. 'తాళం వేసినట్టు గుర్తుంది' అన్నది రిమెంబర్ లాకింగ్, 'తాళం వెయ్యాలని గుర్తుంది' అన్నది రిమెంబర్ టు లాక్. ఏ తెలుగువాడైనా ఈ జంటల్లో ఒకదానికి బదులు ఇంకోటి అంటాడా? మాస్టారు చెయ్యాల్సింది ఈ సంగతి గుర్తుచెయ్యడమే. కానీ ఎలా చేస్తారు? తెలుగు మాట వినబడితే ఫైనేసే బళ్ళు కూడా ఉన్నాయి మనకి :)

'తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదండీ' అనేవాళ్ళకి ఒక మాట. తెలుగు అన్నిచోట్లా దారి చూపిస్తుందని నేననడం లేదు. వాంట్, హోప్, డిసైడ్ లాంటివాటికి తెలుగులో '-ఆలని' వస్తుంది కదా అని కన్సిడర్‌కీ అదే లెక్క వేస్తే బోల్తా పడతాం. 'వెళ్ళాలని ఆలోచిస్తున్నా' అన్నా అక్కడ గోయింగే రావాలి. సజెస్ట్ కూడా అంతే. అలాంటివి విడిగా చెప్పండి, బట్టీ పట్టించండి. మనం రోజూ తప్పు రాసే 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' సంగతి చూడండి. ఆ 'టు' ఇన్ఫినిటివ్‌ది కాదు, మన 'కోసం' లాంటి విభక్తి. 'కలవడం కోసం' అని గుర్తు పెట్టుకుంటే మీటింగ్ అని దానంతటదే వస్తుంది. తెలుగుని బయటికి గెంటితే పిల్లాడు తెలుగులో ఆలోచించడం మానడు, మీకు చెప్పకుండా ఆలోచిస్తాడు. అప్పుడు దిద్దేవాడు కూడా ఉండడు.

సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం అచ్చేశాడు, ఇంగ్లీషులో. తెలుగు నేర్చుకునే దొరలకి వాళ్ళ భాషలోనే విడమరిచి చెప్పాడు. అది చిన్నతనమని అప్పుడెవరూ అనుకోలేదు. దొరకి దక్కిన ఆ పాటి సదుపాయం మన ఊరి బళ్ళో పిల్లాడికి ఇవ్వడానికి మాత్రం మనకి నామోషీ!