ముసలమ్మకు పళ్లెందుకు?

నెల్లూరు జిల్లాలో మా సంఘం సమావేశాలకు మొదటినుంచీ వస్తున్న పెద్దమ్మ ఒకామె ఉంది. 1992లో సారా వ్యతిరేక పోరాటం సాగినప్పుడు తమ ఊరి సారా కొట్టు ముందు బైఠాయించి, కంట్రాక్టరు మనుషులను నోరెత్తనివ్వని మనిషి. ఈమధ్య ఆమె వెనక వరసలో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది. మాట్లాడమంటే చేత్తోనే వద్దంటుంది. ఒకరోజు పక్కకు పిలిచి చెప్పింది: "పళ్లు పోయినాక మాట సరిగా తిరగడంలా. పిల్లకాయలు నవ్వతా ఉండారు."

గర్భసంచి ఆపరేషన్ల గురించి, రక్తహీనత గురించి ఎంతో మాట్లాడిన మనం నోటి గురించి ఎందుకు మాట్లాడలేదు? "కాన్పుకో పన్ను పోయింది" అని నవ్వేసి ఊరుకుంటాం. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని సున్నాన్ని లాక్కుపోదు. చిగుళ్లు వాచి రక్తం కారుతున్నా ఏళ్ల తరబడి చూపించుకోకపోవడం వల్ల, పుచ్చిన పంటికి వైద్యం ఖరీదని పీకించేసుకోవడం వల్ల పళ్లు పోతాయి. చాలా ఇళ్లలో మగవాడి పంటికి సిమెంటు, ఆడదాని పంటికి పట్టకారు.

పళ్లు పోయాక మొదట మారేది తిండి. వేరుశనక్కాయలు, జామకాయ, మాంసం తునక దూరమవుతాయి. చారన్నం, మజ్జిగన్నం మిగులుతాయి. అసలే అందరూ తిన్నాక తినే మనిషి, ఇప్పుడు ఎవరూ చూడకుండా తింటుంది. కట్టుడు పళ్లు కావాలంటే "ఈ వయసులో సోకులా?" అంటారు. తండ్రికి కట్టించిన కొడుకే తల్లి దగ్గరకు వచ్చేసరికి "ముసలమ్మకు పళ్లెందుకు?" అంటాడు. నమలడం సోకు ఎప్పుడయింది?

2017లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ప్రారంభించింది. పేద వృద్ధులకు చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్లజోడు, చక్రాల కుర్చీలతో పాటు కట్టుడు పళ్లు కూడా ఉచితంగా ఇవ్వాలన్నది పథకం. మంచిదే. కానీ అప్పటి మార్గదర్శకాల్లో ఏం రాశారు? ప్రతి జిల్లాలోనూ లబ్ధిదారుల్లో వీలైనంతవరకు 30 శాతం మంది స్త్రీలు ఉండాలని. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 దాటిన స్త్రీలు సుమారు 5.3 కోట్లు, పురుషులు 5.1 కోట్లు. సగానికి పైగా ఉన్నవాళ్లకు 30 శాతం, అదీ వీలైతే! ఎవరి వీలు?

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. చేతికర్ర ఒకసారి చేతికిస్తే పని అయిపోతుంది. పళ్ల సెట్టు అలా కాదు. ముందు నోరంతా పరీక్షించాలి. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట కాల్చే స్త్రీలకు అంగిట్లో పుండో, క్యాన్సరో ఉండొచ్చు. మిగిలిన పళ్లు పీకితే చిగుళ్లు మానాలి. అచ్చులు తీయాలి, దవడల కొలత చూడాలి, మైనంలో అమర్చి సరిచూడాలి. ఇచ్చాక ఒరుసుకున్న చోటల్లా అరగదీయాలి. పళ్లు లేని దవడ ఎముక ఏటేటా కరిగిపోతుంది. అందుకే సరిపోయిన సెట్టు కూడా కొన్నేళ్లకు వదులవుతుంది. కింది సెట్టు మరీను.

మా పెద్దమ్మకు ఒక ఉచిత శిబిరంలో సెట్టు దొరికింది. ఫొటో తీశారు. కింది సెట్టు ఒరుసుకుని నాలుగో రోజుకే పుండు పడింది. ఎవరికి చూపించుకోవాలి? శిబిరం వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఆ పళ్లు ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి. అదే ఊళ్లో ఇంకొకామెను కోడలు ఆరుసార్లు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. "మొదటి నెల వాంతి వచ్చినట్టే ఉండె. మెత్తటి అన్నంతో మొదలుపెట్టి ఇప్పుడు రొట్టె కూడా తింటున్నా" అంటుంది. ఇద్దరి మధ్య తేడా అదృష్టం కాదు, ఆ ఆరుసార్లు వెళ్లిరావడమే. తెలంగాణలో 2023 నుంచి, ఆంధ్రలో 2025 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. కానీ కోడలి కూలి? తోడు వచ్చే మనిషే లేని ఒంటరి వృద్ధురాలి సంగతి?

కాబట్టి మనం అడగవలసింది పళ్ల సెట్టు ఒక్కటే కాదు. లబ్ధిదారుల్లో స్త్రీలు కనీసం సగం ఉండాలి. శిబిరంలో ఇచ్చిన ప్రతి సెట్టుకూ దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో సరిచేసే బాధ్యత, అవసరమైతే మళ్లీ చేసే బాధ్యత ఉండాలి. తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి ఇవ్వాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో పోషణ అంటే తిండీ బట్టా మాత్రమే కాదు, వైద్యం కూడా ఉంది. నోరు వైద్యంలోకి రాదని ఎవరన్నారు?

ఈసారి ఊళ్లలో సర్వేకు వెళ్లినప్పుడు "ఏం తింటున్నావు?" అని అడిగి ఊరుకోవద్దు. "ఏం నమలగలుగుతున్నావు?" అని కూడా అడుగుదాం. జవాబు చెప్పేటప్పుడు ఎంతమంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారో చూద్దాం. మన సమావేశాల్లో వినిపించకుండా పోయిన గొంతులెన్నో అప్పుడు లెక్క తేలుతుంది.