గ్రహణం మొర్రి

పిల్లలూ! శంషాబాద్ పక్కన కొత్వాల్‌గూడలో ఉండేవారికి హిమాయత్‌సాగర్ గట్టు తెలిసిందే. మిగిలినవారు మీ ఊరి చెరువుగట్టును తలచుకోండి. గట్టును రెండు కొసల నుంచీ పోసుకుంటూ వచ్చి నడుమ కలుపుతున్నారనుకొందాం. తీరా కలిసే చోట మట్టి చాలకపోతే? గండి మిగిలిపోతుంది గదా!

అమ్మ కడుపులో మన ముఖం తయారయ్యేది కూడా ఇలాగే. రెండు చెంపల వైపు నుంచీ, నుదుటి వైపు నుంచీ కండ పెరిగివచ్చి ముక్కు కింద అతుక్కొంటుంది. ఏడో వారానికల్లా పై పెదవి ఏర్పడుతుంది. అంగిలి పూర్తి కావడానికి ఇంచుమించు పన్నెండు వారాలు పడుతుంది. మీ ముక్కు కింద వేలు పెట్టి చూసుకోండి. చిన్న పల్లమూ, దానికి అటూ ఇటూ సన్నని గట్లూ తగులుతాయి. అతుకు పడ్డది అక్కడే!

అతుకు పడకపోతే పెదవి చీలి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ చీలిక చిగురు దాటి అంగిలి దాకా పోతుంది. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు గ్రహణం మొర్రి. ఇంత అన్యాయమైన పేరు మరొకటి లేదు. గ్రహణం పూట తల్లి బయటికి వచ్చిందనీ, కత్తిపీట ముట్టుకొన్నదనీ నింద వేస్తారు. పాపం, ఆ తల్లి జన్మంతా ఏడుస్తుంది.

1980 ఫిబ్రవరి 16న మన రంగాపూర్ వేధశాల దగ్గర సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. అటువంటిది ఒక చోట కనిపించడం ఎంతో అరుదు. మొర్రి మాటో? హైదరాబాదు వైద్యులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టే ప్రతి వెయ్యిమందిలో సుమారు ఒకరికి ఈ చీలిక ఉంది. గ్రహణాలు లేని దినాల్లోనూ ఇలా పుడుతూనే ఉన్నారన్నమాట. వంశంలో ఉండటం, పొగాకు, కొన్ని రకాల మందులు, ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం వంటివి కారణాలు కావచ్చు. చాలామంది విషయంలో ఫలానా కారణమని వేలెత్తి చూపడానికేమీ దొరకదు. మీ బడిలో ఎవరైనా తోటి పిల్లవాణ్ణి ‘మొర్రీ’ అని పిలిస్తే ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

అంగిలి దాకా చీలిన బిడ్డ పాలు సరిగా చీకలేడు. తల ఎత్తిపట్టి చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో కొద్దికొద్దిగా పోయాలి. మూడు నుంచి ఆరు నెలల వయసులో పెదవి కుడతారు. ఏడాది అటూఇటూగా అంగిలి మూస్తారు. ఇక మిగిలేది చిగురు ఎముకలోని గండి. ఎముక లేనిదే కోరపన్ను ఎక్కడ దిగుతుంది? అందుకని ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య, ఆ పిల్లవాడి తుంటి నుంచే కాస్త ఎముక తీసి గండి పూడుస్తారు. ఇది చక్కగా పనిచేస్తుంది. కాని నోటిలో గాయంతోపాటు తుంటికి మరో గాయం, కొన్నాళ్ళు కుంటినడక!

తుంటి జోలికి పోకుండా కుదరదా? ఇక్కడే మూలకణాలు వస్తాయి. ఇవి ఇంకా ఏ పనీ ఖాయం కాని కణాలు. తగిన చోట పెడితే ఎముకో, మరొకటో కాగలవు. 2003లో అమెరికాలో సాంగ్‌టావ్ షీ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి కణాలు పాలపళ్ళలో ఉన్నాయని ప్రకటించాడు. ఆయనకు ఆ ఆలోచన తట్టించినది సొంత కూతురి పన్నే! బ్రెజిల్ వైద్యులు పాలపంటి కణాలతో కొందరు పిల్లల చిగురు గండిని పూడ్చి చూశారు. కొలంబియాలోని బొగొటాలో ఒక పసిపాపకు పెదవి కుట్టేటప్పుడే, పుట్టిన రోజున బొడ్డుతాడు నుంచి తీసి దాచిన రక్తంలోని మూలకణాలను గండిలో ఉంచారు. అక్కడ ఎముక పెరిగింది. ఆ సంగతి 2021లో లోకానికి తెలిసింది.

అయితే ఒక పాపకు కుదిరినంత మాత్రాన అందరికీ కుదురుతుందని చెప్పలేం. పెద్దలు కూడా ఈ ముక్క చదవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం, కొన్ని రక్తపు జబ్బులకు తప్ప మిగిలిన వాటికి మూలకణాల వైద్యం పరిశోధన కిందే లెక్క. పరిశోధనలో చేరిన రోగి నుంచి ఆ వైద్యానికి డబ్బు పుచ్చుకోరాదు. పాలపళ్ళలోని కణాలను రుసుము తీసుకొని దాచే వ్యాపారానికి కూడా ఆ నియమాలు ఒప్పుకోలేదు. కనుక మీ పన్ను ఊడితే, ఎప్పటిలాగే ఇంటి కప్పు మీదికి విసరండి!